ఊరి చెత్త మా పెరట్లోకి, పెరట్లో పురుగులు మా వంటింట్లోకి

కృష్ణా జిల్లాలోని ఒక పల్లె నుంచి, పేరు వెయ్యొద్దని కోరుతూ ఒకావిడ ఏడు పేజీల ఉత్తరం రాశారు. సంగతి క్లుప్తంగా ఇది.

ఆవిడకు 38 ఏళ్లు. భర్త రెండెకరాలు కౌలుకు చేస్తారు. ఇద్దరు పిల్లలు, అత్తగారు, ఒక గేదె, పదిహేను నాటుకోళ్లు. డ్వాక్రా సంఘం తరఫున ఒక శిక్షణకు వెళ్లినప్పుడు, వంటింటి చెత్తను బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పురుగులకు వేసి, ఆ పురుగుల్ని కోళ్లకు మేపే పద్ధతి చూశారు. ఉగాది వెళ్లాక ఒక నీలం ప్లాస్టిక్ డ్రమ్మును నిలువునా కోయించి, ఒక సగాన్ని పెరట్లో మునగచెట్టు కింద తొట్టిలా పెట్టారు. మూడు నెలలు బ్రహ్మాండంగా నడిచింది. "నేను మగ్గు పట్టుకుని వస్తే చాలు, కోళ్లు ఒకదాని మీద ఒకటి పడుతూ పరిగెత్తుకొచ్చేవి" అని రాశారు.

ఆషాఢంలో వీధిలోని తొమ్మిదిళ్ల వాళ్లు తమ బకెట్లు కూడా పంపడం మొదలుపెట్టారు. సెంటర్లో ఉన్న టిఫిన్ బండి ఆయన కూడా. రోజుకు పది పన్నెండు కిలోలు. శ్రావణంలో ఒక గురువారం వీధిలో పెళ్లి జరిగితే మిగిలిన సాంబారు, పెరుగన్నం, పులిహోర రెండు పెద్ద బకెట్లు తెచ్చి తొట్టిలో పోశారు. రాత్రి వాన పడింది. మర్నాడు వరలక్ష్మీవ్రతం. తెల్లవారుజామున అత్తగారు తలంటుకుని వంటింటి తలుపు తీస్తే, పసుపు రాసిన గడప మీద తెల్లటి లావుపాటి పురుగులు. ఒకటి కుంకుమ పళ్లెంలో కూడా ఉంది. అత్తగారు మూడు రోజులు మాట్లాడలేదు. అప్పటినుంచి ఆ కోళ్ల గుడ్లు ముట్టడం లేదు.

పక్కింటి వాళ్లకు బాలింత కోడలుంది. వాసన, ఈగలు అని పంచాయతీలో ఫిర్యాదు చేశారు. కార్యదర్శి వచ్చి "నెలలోపు ఏదో ఒకటి తేల్చుకోండి" అన్నారు. భర్త "ఊరి చెత్త ఎత్తే ఖర్మ మనకేంటి?" అంటున్నారు. ఇంతలో ఒకాయన వచ్చి, లక్షా ఎనభై వేలు పెడితే ఈగ గుడ్లు, ఈగలు జతకట్టే వలల గది, ట్రేలు అన్నీ తామే ఇచ్చి, ఎండు పురుగుల్ని తామే తిరిగి కొంటామని చెప్పారు. సంఘంలో లోను దొరుకుతుంది. "ఆపెయ్యనా, ఇలాగే నడపనా, లోను తీసుకుని పెద్దగా చెయ్యనా? అసలు నేను తప్పు చేశానా?" ఇదీ ఆవిడ ప్రశ్న.

అమ్మా, ముందు ఆ వ్రతం ముందురోజు రాత్రి సంగతి మాట్లాడుకుందాం. మీ ఇంట్లో అన్నీ అక్కడే ఆగిపోయాయి.

మీరు ఉత్తరంలో "తెల్లటి" అని రాశారు. ఆ ఒక్క మాటతో నాకు సగం అర్థమైంది. ఈ పురుగు తిండి తిన్నంతకాలం పాలమీగడ రంగులో ఉంటుంది. రెండు మూడు వారాల్లో తినడం ముగించాక ముదురు గోధుమ రంగులోకి, ఆపైన నల్లగా మారుతుంది. నల్లబడ్డాక పొడిగా, చీకటిగా ఉన్న చోటు వెతుక్కుంటూ తొట్టి వదిలి పోవడం దాని స్వభావం. మీ గడప మీదికి నల్లవి వచ్చి ఉంటే, ఏదో పనిమీద వచ్చాయిలే అనుకోవచ్చు. తెల్లవి వచ్చాయంటే పారిపోయి వచ్చాయి. తొట్టిలో ఊపిరాడలేదు. సాంబారు నీళ్లు అడుక్కి చేరాయి, అన్నం ముద్దగా పైన కప్పేసింది, అడుగున పులిసి వేడెక్కింది, దానికి వాన తోడైంది. పొడిగా ఉన్న ప్లాస్టిక్ గోడ ఎక్కడం వాటికి కష్టం కానీ, తడి గోడనైతే నిట్టనిలువుగా ఎక్కేస్తాయి. ఆ తడే వాటికి నిచ్చెన. మీ వంటింటి తలుపు సందులో చీకటి ఉంది, నేల పొడిగా ఉంది. వాటికి గడపా తెలీదు, శుక్రవారమూ తెలీదు.

దీన్ని మీ అత్తగారికి ఇలాగే చెప్పి ఒప్పించమని నేను అనను. కుంకుమ పళ్లెంలో పురుగును చూసిన మనిషికి తేమ శాతాలు వినిపించవు. మీకు చెబుతున్నానంతే. తొట్టి మోయగలిగే దానికన్నా చాలా ఎక్కువ వేశారు. పద్ధతిలో దోషం లేదు, లెక్కలో ఉంది.

ఆ లెక్క చూడండి. స్విట్జర్లాండ్‌కు చెందిన ఈవాగ్ అనే పరిశోధన సంస్థ ఇండోనేషియాలో ఈ పురుగులతో చెత్తను తినిపించి చూసి, 2017లో ఒక చేతిపుస్తకం వేసింది. 60 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పెట్టెలో ఐదు రోజుల వయసున్న పురుగులు 10,000 వేసి, 12 రోజుల్లో మొత్తం 15 కిలోల తడి చెత్త పెట్టమని అందులో ఉంది. అంటే పెట్టెకు రోజుకు కిలోంబావు. మీ అర డ్రమ్ము అలాంటి పెట్టెలు రెండింటికి సమానం అనుకుంటే, రోజుకు రెండున్నర కిలోలు. మీరు వేస్తున్నది పది, పన్నెండు. పెళ్లి రోజున ఎంతో మీకే తెలియాలి. వాసన ఎందుకొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. సరిగ్గా నడిచే తొట్టి దగ్గర తడి మట్టి, పులిసిన తవుడు కలిసినట్టు ఒక వాసన ఉంటుంది, కాదనను. కానీ ముక్కు మూసుకునేంత కంపు వస్తోందంటే పురుగులు తినలేక వదిలేసినది కుళ్లుతోందన్నమాట.

పక్కింటివాళ్ల ఈగల సంగతి కూడా అక్కడే తేలుతుంది. మీ పెరట్లో తిరిగే ఈగను ఒకసారి దగ్గరగా చూడండి. బ్లాక్ సోల్జర్ ఈగ నల్లగా, పొడుగ్గా, కందిరీగ అని భ్రమపడేలా ఉంటుంది. పొట్ట మొదట్లో అద్దం ముక్కల్లాంటి రెండు మచ్చలు, కాళ్ల చివర తెలుపు. దానికి కుట్టే ముల్లు లేదు, కరిచే నోరు లేదు. పురుగుగా ఉన్నప్పుడు పోగేసుకున్న కొవ్వు మీదే ఎక్కువగా ఆధారపడి, వారం పది రోజులు బతికి, ఎండలో జతకట్టి, తిండికి దగ్గర్లో పొడి సందు చూసుకుని ఇంచుమించు 500 గుడ్లు పెట్టి పోతుంది. అన్నం గిన్నెల మీద వాలే అలవాటు దానికి లేదు. బాలింత గదిలోకి పోయి పసిపిల్ల మూతి మీద వాలేది మామూలు ఇంటి ఈగ. అది తడి చెత్త మీదే నేరుగా గుడ్లు పెడుతుంది. సోల్జర్ పురుగులు దట్టంగా ఉన్న చెత్త మీద ఇంటి ఈగ గుడ్లు పెట్టడం బాగా తగ్గుతుందని ఎప్పుడో తేల్చారు. కానీ పురుగులకు అందకుండా పైన నాలుగంగుళాలు మిగిలిపోయిన పెరుగన్నం మీద పెట్టదా మరి? పెడుతుంది. కాబట్టి పక్కింటావిడ అబద్ధం చెప్పడం లేదు. ఆ ఈగలు మీ తొట్టివే, కాకపోతే మీరు పెంచినవి కావు.

ఇక్కడ నా సొంత గొప్ప ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట మా బాల్కనీలో కంపోస్టు కుండ మూత తీస్తే ఇవే పురుగులు కుతకుతలాడుతూ కనిపించాయి. ఎక్కడా కొనలేదు, ఎవరూ ఇవ్వలేదు. ఏమిటో తెలియక అర సీసా ఫినాయిల్ పోశాను. తర్వాత తెలిసింది, ఊరికే పనిచేసి పెట్టేవాళ్లను తరిమేశానని. ఈ ఈగ పుట్టిల్లు అమెరికా ఖండాలు, కానీ ఇప్పుడు మన దేశంలోనూ బాగా స్థిరపడింది. మీరు గుడ్ల కోసం లక్షలు పెట్టాలా అన్నప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి. పొడి అట్టముక్కలు నాలుగు కలిపి కట్టి తొట్టి పైన వేలాడదీస్తే, వాటి సందుల్లో అవే వచ్చి పెడతాయి.

సరే, ఇప్పుడేం చెయ్యాలి? నాకు నాలుగు దారులు కనిపిస్తున్నాయి, నాలుగింటికీ ఖర్చుంది.

మొదటిది ఆపెయ్యడం. ఇందులో నామోషీ ఏమీ లేదు. తొట్టిలో ఉన్నది కోళ్లకు వేసి, మిగిలింది గుంటలో పూడ్చి, డ్రమ్ము కడిగేస్తే వారంలో ఇల్లు ప్రశాంతం. పోయేది ఏమిటంటే మీ కోళ్ల మేత ఒకటి, మీరు ఉత్తరంలో ఎక్కడా నేరుగా రాయకపోయినా ప్రతి పేజీలో కనిపించిన మీ ముచ్చట ఒకటి. "పురుగులు కలిసి తింటుంటే వాన చినుకులు పడ్డట్టు చప్పుడొస్తుంది" అని రాసిన మనిషి రేపు డ్రమ్ము కడిగేసి హాయిగా ఉంటుందని నేను నమ్మను. తొమ్మిదిళ్ల బకెట్లు మాత్రం తిరిగి కాలవ గట్టుకే పోతాయి.

రెండోది తగ్గించడం. మీ ఇంటి చెత్త వరకే. నిజం చెప్పాలంటే, గేదె ఉన్న ఇంట్లో చెత్త ఎంత వస్తుందమ్మా? బియ్యం కడుగు, గంజి, కూరగాయల తొక్కలు కుడితి తొట్టిలోకి పోతాయి. అన్నం మెతుకులు కోళ్లకు. మన పల్లెల్లో వంటింటి చెత్త అనేది ఒక పెద్ద సమస్యగా మారింది పశువులు పోయిన ఇళ్లలోనే. మీ ఇంట్లో పురుగులకు మిగిలేది పాడైపోయిన కూరలు, ఉల్లి తొక్కలు, పుల్లటి పప్పుచారు, గేదె మూతి తిప్పుకున్నవి. వానపాములు నూనె, ఉప్పు, పులుపు ఉన్న వండిన తిండిని ఇష్టపడవు. ఈ పురుగులకు ఆ పట్టింపు లేదు. ఆ కాస్తకు మీ తొట్టి చాలు, ఇంకా ఖాళీ ఉంటుంది. మూత మీద రేకు, చుట్టూ సన్నని దోమతెర, పైన రోజూ గుప్పెడు ఊకో రంపపు పొట్టో. వేసిన తిండి పిడికిట్లో పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు కారాలి, ధార కట్టకూడదు. తొట్టి అంచుకు లోపలివైపు ఒక వాలు పలక పెట్టి, దాని చివర పొడి పొట్టు ఉన్న డబ్బా ఉంచితే నల్లబడ్డవి వాటంతట అవే నడిచి డబ్బాలో పడతాయి. వంటింటి వైపు రావు. తొట్టిని గోడకు దూరంగా, వీలైతే పశువుల పాక పక్కకు జరపండి.

ఈ దారిలో చిక్కు చెత్తతో రాదు, తొమ్మిదిళ్లకు "ఇక వద్దు" అని చెప్పడంతో వస్తుంది. మీరు చెప్పలేకపోతున్నారని ఉత్తరం చదివితే తెలుస్తోంది. వాళ్లు బకెట్టు పంపడం మీకు గౌరవంగా అనిపించింది, అందులో తప్పు లేదు. కానీ ఒక్కసారి గమనించండి. తొమ్మిదిళ్లవాళ్లు బకెట్టు ఇచ్చారు. వాళ్లలో ఒక్కరూ పొట్టు తెచ్చివ్వలేదు, ప్లాస్టిక్ కవర్లు ఏరివ్వలేదు, కార్యదర్శి వచ్చిన రోజు మీ పక్కన నిలబడలేదు. వాళ్ల ఇల్లు శుభ్రమైంది, వాసన మీకు మిగిలింది, ఫిర్యాదు మీ మీద పడింది. మీరు తప్పు చేశారా అని అడిగారు కదా. ఊరికి ఉపకారం చెయ్యాలనుకోవడం తప్పు కాదు. ఆ ఉపకారం మీ అత్తగారి గడప పక్కన, పక్కింటి బాలింత కిటికీ కింద జరుగుతుందని వాళ్లిద్దరినీ అడక్కపోవడం పొరపాటు.

మూడోది, తొమ్మిదిళ్ల పనిని తొమ్మిదిళ్ల చోటుకు పంపడం. మీ ఊళ్లో పంచాయతీ కట్టిన "చెత్త నుంచి సంపద తయారీ కేంద్రం" షెడ్డు తాళం వేసి ఉంటుందని మీరే రాశారు. వానపాముల తొట్లు కూడా అక్కడ ఎండిపోయి ఉన్నాయని. కార్యదర్శి నెల గడువు ఇచ్చారంటే మీకు ఒక సభ ఇచ్చినట్టే అనుకోండి. గ్రామసభలోనో, కనీసం సంఘం మీటింగులోనో ఈ మాట పెట్టండి. షెడ్డులో పది పెట్టెలు, తొమ్మిదిళ్లు ఎవరికి వారు తడి చెత్త వేరు చేసి తెచ్చివ్వడం, పురుగులు తినగా మిగిలిన పొడిని వానపాముల తొట్లలోకి మార్చడం. పురుగులు సగానికి పైగా బరువు తినేస్తాయి, మిగిలింది నేరుగా మొక్కకు వేస్తే వేడి చేస్తుంది, కొన్ని వారాలు మాగాలి. ఆ మాగే పని వానపాములకు అప్పగిస్తే రెండు తొట్లూ బతుకుతాయి.

దీనికి మీరు కట్టాల్సిన మూల్యం చిన్నది కాదు. ఒకసారి "ఈవిడ చూసుకుంటుంది" అని తీర్మానం అయితే పండగ లేదు, జ్వరం లేదు, రోజూ మీరే వెళ్లాలి. కాబట్టి కూలి ఎవరిస్తారు, ఎంత, మీరు లేనిరోజు ఎవరు అన్నది ముందే కాగితం మీద ఉండాలి. గ్లౌజులు, బూట్లు, సబ్బు ఎవరి ఖర్చో కూడా. కుదరదంటే షెడ్డు తాళం వేసే ఉండనివ్వండి.

మీ వారి మాట కూడా ఇక్కడికే వస్తుంది. "ఊరి చెత్త ఎత్తే ఖర్మ మనకేంటి?" అన్నారు. ఆయన కోపం నాకు అర్థమవుతుంది, భార్యను ఎవరైనా ఏమైనా అంటారన్న బాధ అందులో ఉంది. కానీ ఆ మాటలో ఇంకొకటి కూడా ఉంది. ఆ ఖర్మ ఇన్నాళ్లూ కొన్ని ఇళ్లకే రాసిపెట్టినట్టు మనం ఊరుకున్నాం, వాళ్ల ఆడవాళ్లకు నామోషీ ఉంటుందేమో అని ఎవరమూ అడగలేదు. ఈ సంగతి ఆయనతో గొడవలా కాకుండా, తీరిగ్గా ఉన్నప్పుడు ఒకసారి అనండి. వింటే వింటారు.

నాలుగోది, లోను. ఇక్కడ మాత్రం నేను కొంచెం గట్టిగానే మాట్లాడతాను. ఈము పక్షులు గుర్తున్నాయా? "పిల్లల్ని మేమిస్తాం, గుడ్లు మేమే కొంటాం" అన్న మాట మీద మన రాష్ట్రంలోనూ, తమిళనాడులోనూ ఎంతమంది కంచెలు వేశారో, 2012 నాటికి కొనేవాళ్లు మాయమైతే ఆ పక్షులకు మేత పెట్టలేక ఎంత అవస్థ పడ్డారో మీ ఊళ్లో పెద్దవాళ్లనడగండి. పురుగుల వ్యాపారం మోసం అని నేను అనడం లేదు. చేపల మేతకు, కోళ్ల మేతకు దీని అవసరం నిజమైనదే. ఎండిన పురుగులో దాదాపు 40 శాతం మాంసకృత్తులు, 30 శాతం దాకా కొవ్వు ఉంటాయి. కానీ లెక్క వేసుకోండి. అన్నీ సవ్యంగా ఉంటే చెత్త బరువులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా పచ్చి పురుగులొస్తాయి. మీ 12 కిలోలకు రోజుకు 1.2 నుంచి 2.4 కిలోలు, అనుకుందాం. అందులో మూడింట రెండు వంతులు నీళ్లు. ఎండితే 400 నుంచి 800 గ్రాములు. దాన్ని మీ దగ్గర కోడి దాణా ధరతో గుణించండి, నెలకు ఎంతో చూడండి, లోను కిస్తీ పక్కన పెట్టండి. ఆ ఒక్క గుణకారం నా మాటలన్నిటికన్నా బాగా చెబుతుంది. ఎక్కువ కావాలంటే ఎక్కువ చెత్త కావాలి, అంటే ఇంకో యాభై ఇళ్ల బకెట్లు, ఒక ఆటో, ఇద్దరు మనుషులు. అప్పుడది పెరటి పని కాదు.

ఇంకొకటి. యూరప్‌లో పురుగుల మాంసకృత్తులను 2017లో చేపల మేతకు, 2021లో కోళ్లకు, పందులకు అనుమతించారు. కానీ అక్కడ కూడా హోటళ్ల, వంటింటి ఎంగిలి మీద పెరిగిన పురుగులను అమ్మకపు పశువుల మేతకు ఒప్పుకోరు. రోగాల భయం. మీ నాటుకోళ్లకు, మీ ఇంటి తిండి మీద పెరిగినవి వేసుకోవడం వేరు, అమ్మడం వేరు. ఆ కొంటామన్నాయన ఎవరికి అమ్ముతాడు, చెత్త ఎక్కడిది అని అడిగితే ఏం చెబుతాడు, అడగండి. మీ వరకు కూడా, కోళ్లకు వేసేముందు పురుగుల్ని సలసల కాగే నీళ్లలో ఓ నిమిషం ముంచి తియ్యండి. టిఫిన్ బండి బకెట్లో కోడి చర్మం, ఎముకలు వస్తుంటే అది తొట్టికి వద్దనే చెప్పండి. బ్యాటరీలు, రంగు డబ్బాలు పొరపాటున కూడా పడకూడదు. కాడ్మియం లాంటి విష లోహాలు ఈ పురుగు ఒంట్లో పేరుకుంటాయి.

ఇక అత్తగారు. మీరు రాసినదాన్ని బట్టి ఆవిడ కోపం మైల గురించి మాత్రమే కాదు. "పనిగట్టుకుని పుట్టించి, పెంచి, కోళ్లకు వేసి చంపడం ఏం పనే?" అన్నారట. మీరు దాన్ని పాతకాలపు మాట అని ఒక వాక్యంలో దాటేశారు. నేను దాటలేకపోయాను. పెంటకుప్ప కెలికి కోడి పురుగును తింటే ఎవరికీ పాపం లేదు, తొట్టి పెట్టి పెంచి వేస్తే చేతికి అంటుకుంటుందా? నాకు జవాబు తెలియదు. కానీ ఆవిడ అడిగింది సరైన ప్రశ్నే. అలా అని ఆవిడకు చెప్పండి. గుడ్లు తినమని బతిమాలకండి, ఆవిడకు వేరే గుడ్లు తెప్పించండి. ఆ ఉదయం గడప మీద జరిగినదానికి, వ్రతం చెడినందుకు, కారణాలు చెప్పకుండా ఒక్కసారి "తప్పైపోయింది అత్తయ్యా" అన్నారా? ఉత్తరంలో ఎక్కడా లేదు.

ఆ తర్వాత పక్కింటికి వెళ్లండి. ఖాళీ తొట్టి చూపించడానికి వాళ్లను పిలవండి, పిల్లకు కట్టుకునే దోమతెర ఒకటి పట్టుకెళ్లండి. ముందు ఈ రెండు వారాలు కొత్త చెత్త ఎవరిదీ తీసుకోకుండా, తొట్టిలో ఉన్నది అవి తినేదాకా ఆగండి. వాసన తగ్గిన రోజున మాట్లాడితే మాటకు బరువుంటుంది.

నన్నడిగితే రెండో దారిలో మొదలుపెట్టి, ఊరు ముందుకొస్తే మూడోదానికి వెళ్లమంటాను. మీ పరిస్థితి మీకు ఎక్కువ తెలుసు. లోను కాగితం మీద సంతకం మాత్రం సంక్రాంతి వెళ్లేదాకా పెట్టకండి. చలికి, మబ్బుకు ఈ ఈగలు జతకట్టడం తగ్గుతుంది, గుడ్లు తగ్గుతాయి, పురుగులు నిదానిస్తాయి. ధనుర్మాసంలో మీ తొట్టిలో రోజుకు ఎన్ని గ్రాములు వచ్చాయో పిల్లల నోటుపుస్తకంలో రాసిపెట్టుకోండి. ఆ అంకెలు పట్టుకుని అప్పుడు ఆయన్ని పిలవండి.